బావ ముట్టనివ్వని హెలికాప్టర్

ఆత్మకూరు బస్టాండు ఎదుట నాకు రేడియో, టీవీ రిపేరు షాపు ఉండేది. తొంభైల చివరి మాట ఇది. మీటరు ముల్లు కదిలితే నమ్మేవాణ్ణి, కదలకపోతే నమ్మేవాణ్ణి కాదు. ఒకసారి ఒకాయన రేడియో తెచ్చి, "దీంట్లో ఎవురో ఆడమనిషి ఏడుస్తా ఉండాది సార్" అన్నాడు. వెనక మూత తీసి చిరిగిన స్పీకరు అట్ట చూపించాను. కొత్తది వేసి ఏడుపు ఆపాను. ఆయన వెళ్తూ పాత స్పీకరు నా బల్ల మీదే వదిలేశాడు, ఇంటికి తీసుకుపోవడం ఇష్టం లేక. నేను చాలాసేపు నవ్వుకున్నాను.

ఆ నవ్వు ఉదయగిరిలో పోయింది.

ఉదయగిరిలో మా అక్క ఉండేది. అక్కడి మిషను బడిలో టీచరు. వాళ్ళ ఇల్లు వీధికి చివరిది. పెరటి గోడ దాటితే కంపచెట్లు కొట్టేసిన మైదానం, మైదానం దాటితే కొండ. ఆ కొండను చూస్తే ఊరికి వీపు తిప్పి కూర్చున్న మనిషిలా ఉంటుందని మా అమ్మ అనేది. పిల్లలు లేరు. అక్క, బావ ఇద్దరే.

బావ కువైట్‌లో ఒక షేకు ఇంట్లో డ్రైవరుగా చేసి తిరిగొచ్చాడు. అందరూ కువైట్ నుంచి బంగారం తెస్తారు, కంబళ్ళు తెస్తారు, టేప్‌రికార్డర్లు తెస్తారు. మా బావ విరిగిన హెలికాప్టర్ తెచ్చాడు. షేకు కొడుకు ఆడి, పడేసి, చెత్తలో వేయించిన బొమ్మ అది. బొమ్మ అంటే బావకు కోపం. రెండు మూరల పొడవు, పైన కొయ్య రెక్కలు, తోక చివర బుల్లి రెక్క, పొట్టలో కరెంటు మోటారు, ముక్కు దగ్గర బ్యాటరీ. చేతిలో రిమోట్, దానికి బారెడు ఏరియల్. "ఇది బొమ్మ కాదు రా, నిజం దాన్ని చిన్నది చేసినారు, అంతే" అనేవాడు. మా అమ్మ మాత్రం చచ్చేదాకా దాన్ని "అల్లుడి తూనీగ" అనే అంది.

ఎన్ని నెలలు కుస్తీ పట్టాడో, చివరికి దాన్ని ఎగరేశాడు. రోజూ తెల్లవారగానే, కొండ మీంచి గాలి దిగక ముందు, పెరటి గోడ అవతల నిలబడేవాడు. అక్క కాఫీ గ్లాసు పట్టుకుని గోడ ఇవతల నిలబడేది. అది కొండ వైపు ముక్కు పెట్టి మనిషెత్తున నిలబడి గుయ్యిమనేది. బ్యాటరీ అయిపోబోతుంటే బావ దాని ముక్కు మెల్లగా అక్క వైపు తిప్పేవాడు. తిప్పి, ఒక్కసారి వంచేవాడు. అచ్చం చర్చి గుమ్మం దగ్గర పెద్దవాళ్ళు తలవంచి "వందనాలమ్మా" అన్నట్టు. అక్క సిగ్గుపడి లోపలికి పోయేది. పెళ్ళయి పన్నెండేళ్ళు దాటిన ఆడది బొమ్మ దండం పెడితే సిగ్గుపడటం ఏందని నేను ఏడిపించేవాణ్ణి.

దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. రిపేరు నా వృత్తి కదా, ఒకసారి చూస్తానంటే చెయ్యి మీద కొట్టాడు. "రేయ్, నేను చచ్చినాక కూడా దీన్ని ఎవురన్నా ముట్టుకుంటే లేచొస్తా. చెప్తా ఉండా" అన్నాడు. అందరం నవ్వాం. అక్క అందరికంటే ఎక్కువ నవ్వింది.

ఒక రోజు గాలి పోటుకు అది కింద పడి రెక్కలు రెండూ విరిగాయి. కొత్త రెక్కలు ఎక్కడ దొరుకుతాయి? ఉదయగిరిలో దొరుకుతాయి. ఆ ఊళ్ళో కొయ్య స్పూన్లు, గరిటెలు, ఫోర్కులు చెక్కే ఇళ్ళు ఉన్నాయి. కొండ మీది నర్ది కొయ్యను గడ్డి పరకంత పలచగా చెక్కి, నీళ్ళలో వేసినా వంకర పోకుండా చేస్తారు. బావ రెక్కలన్నీ అక్కడ చెక్కించినవే. ఎప్పుడూ వాళ్ళ దగ్గరున్న కొయ్యతోనే చేయించుకునేవాడు. ఈసారి మాత్రం చార వంకర లేని కొమ్మ తానే ఏరుకొస్తానని కొడవలి తీసుకుని కొండెక్కాడు. పొద్దున కాఫీ తాగి వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు.

వెతికారు. మేకలవాళ్ళు వెతికారు, పోలీసులు వెతికారు, నేను షాపు మూసి వారం పైన ఆ రాళ్ళల్లో తిరిగాను. పాత కోట గోడలు, పూడిపోయిన కోనేళ్ళు, గబ్బిలాల కంపు కొట్టే గదులు. కేక వేస్తే కేక తిరిగొచ్చేది. బావ పేరే మాకు తిరిగొచ్చేది. కొడవలి కూడా దొరకలేదు. సీతారామపురం బస్సులో కిటికీ పక్కన చూశామన్నారు కొందరు. అదే రోజు, అదే పొద్దున, సంగం ఆనకట్ట మీద చేపలు బేరమాడుతుంటే చూశామన్నారు ఇంకొందరు. కువైట్‌కు పారిపోయాడన్నవాళ్ళకు అక్క పెట్టె తెరిచి పాస్‌పోర్టు చూపించింది. అయినా ఊరి నోరు మూయడానికి మూతలు ఎక్కడ తెస్తాం.

ఏడాది తిరిగేసరికి బావ వాళ్ళన్న వరికుంటపాడు నుంచి వచ్చాడు. సేద్యం చేసుకునే పెద్దమనిషి, మాట కరుకు, మనసు మంచిది. చర్చి అయ్యగారిని వెంటబెట్టుకుని వచ్చి, పోయినవాళ్ళ కోసం చేసే ఆదరణ కూడిక పెట్టి, తోటలో సిలువ గుర్తు పాతుదామన్నాడు. తోట అంటే మావాళ్ళకు సమాధుల చోటు. శవం లేకపోయినా మనిషికి ఒక చోటంటూ ఉండాలన్నారు అయ్యగారు. "ఎన్నాళ్ళని వాకిలి తెరిచి పెట్టుకుంటావమ్మా" అన్నాడు అన్న.

అక్క నిజంగానే పెరటి తలుపుకు గడియ పెట్టడం మానేసింది. ఏడాదిగా.

అక్క వాళ్ళ మాట మొత్తం విని, నా వైపు చూసింది. "మావోడు ఆ హెలికాప్టర్ బాగు చేస్తాడు. కొండ దిక్కు ఎగరేస్తాడు. దాన్ని ముట్టుకుంటే వస్తానన్నాడు గదా ఆయన. ఎగిరినాక కూడా రాకపోతే, అప్పుడు మీ ఇష్టం" అంది.

అయ్యగారు నేల చూపులు చూశారు. అన్న నా వైపు చూశాడు. నేను టీవీలు బాగుచేసేవాణ్ణి, ఎగిరేవాటి సంగతి నాకేం తెలుసని అనబోయాను. అక్క మొహం చూసి ఊరుకున్నాను. ఆ పూట ఆ ఇంట్లో అందరం ఒక తమాషా మాటకు కట్టుబడ్డాం. తమాషాకు ఆ మాట చెప్పిన మనిషి లేడు కాబట్టి అది తమాషాగా లేదు.

హెలికాప్టర్‌ను గోనెపట్టాలో చుట్టి ఆత్మకూరు తెచ్చాను. బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కనాయన చంటిబిడ్డ అనుకుని జరిగి చోటిచ్చాడు.

షాపులో విప్పి చూస్తే తోక గొట్టం వంగి ఉంది. టీవీ ఏంటెనా గొట్టం కోసి సరిపెట్టాను, అది మనకు కావలసినంత ఉంది. రెక్కల పైన అడ్డంగా ఉండే ఊచకు సైకిలు చువ్వ వేశాను. మద్రాసు నుంచి కొత్త బ్యాటరీ తెప్పించాను. ప్రతి స్క్రూ నెత్తిన ఎర్రటి చుక్క ఉంది, వదులు కాకుండా గోళ్ళరంగు పూశాడు బావ. ఫ్యాన్సీ షాపులో మగాడు గోళ్ళరంగు కొన్నాడని ఊరంతా చెప్పుకున్న రోజు గుర్తొచ్చింది. ఒక్కొక్క చుక్కనూ గీకి తీస్తుంటే ఎవరో సీలు వేసిన కవరు చింపుతున్నట్టు అనిపించింది.

రిమోట్ మీద రెండు స్టిక్కులు ఉంటాయి. వాటి పక్కన ట్రిమ్ములు అనే చిన్న మీటలు. స్టిక్కు వదిలేస్తే యంత్రం ఎటు వాలుతుందో ఆ వాలును ఆ మీటలతో సరిచేస్తారు. ఎవరి యంత్రానికి వాళ్ళ సర్దుబాటు. బావ తన మీటలున్న చోట కూడా ఎర్ర చుక్కలు పెట్టుకున్నాడు. ఒకటి బాగా ముందుకు, ఇంకొకటి ఎడమకు. నేను రెక్కలను వంచే లోపలి కడ్డీలన్నీ కొత్తగా బిగించాను కనుక ఆ మీటలను మధ్యకు జరిపాను. అదే సరైన పద్ధతి.

స్విచ్చి వేయగానే జైరో అనే చిన్న డబ్బా తిరగడం మొదలుపెట్టింది. తోక అటూ ఇటూ కొట్టుకోకుండా చూసేది అదే. దాని లోపల బొంగరం లాంటి చక్రం ఉంటుంది. స్విచ్చి ఆపేసినా అది వెంటనే ఆగదు. కాసేపు సన్నగా ఊదుతూ, ఊదుతూ, నిద్రలోకి జారుకునే మనిషి ఊపిరిలాగా తగ్గుతుంది. ఎందుకు ఊదుతుందో నాకు తెలుసు. అయినా మొదటిసారి విన్నప్పుడు వెనక్కి తిరిగి చూశాను. బావ గొంతు వినబడుతుందని, చెయ్యి మీద దెబ్బ పడుతుందని ఎదురుచూశాను. పట్టపగలు, బస్టాండు ఎదుట, కండక్టర్ల కేకల మధ్య.

రెక్కలకు మళ్ళీ ఆ చెక్కే ఇంటికే పోయాను. ముసలాయన బావను ఎరుగును. కొయ్య ఏరి, గీసి, అందంగా చెక్కి, నాకు ఇచ్చేటప్పటికి రెక్కలు నిగనిగలాడుతున్నాయి. నువ్వుల నూనె పట్టించాడు. వాళ్ళు గరిటెలకు ఎప్పుడూ అలాగే నూనె తాపుతారు, పగలకుండా.

"దీనికి నూనె ఎందుకు పట్టిచ్చినావు తాతా?"

"మీ బావకు చేసిచ్చినప్పుడు ఆయన వద్దనేవాడు నాయనా. నూనె తాగని కొయ్య ఎన్నాళ్ళుంటాది? నీకైనా మంచిగా చేసిద్దామని."

ఆయన ప్రేమ నా ప్రాణం మీదికి వచ్చింది. కొయ్య నూనె తాగితే బరువెక్కుతుంది. రెండు రెక్కలూ ఒకేలా తాగవు. యంత్రాన్ని తిరిగి అక్క ఇంటికి తెచ్చి, ఆ రెక్కలు బిగించి మోటారు తిప్పితే యంత్రం జ్వరమొచ్చినవాడిలా వణికి పక్కకు ఒరిగింది. అప్పుడు తెలిసింది, రెక్కలను ముందు తక్కెడలాగా పెన్సిలు మీద నిలబెట్టి తూచాలని, తేలికైనదానికి టేపు ముక్క అంటించి సమం చేయాలని. నూనె లేకుండా ఇంకో జత చెక్కించాను. అక్క నా పక్కనే ఉంది. తూచడం అంతా చూసింది.

అప్పటి నుంచి ప్రతి శనివారం సాయంత్రం షాపు మూసి ఉదయగిరి బస్సు ఎక్కేవాణ్ణి. ఆదివారం తెల్లవారి, ఆరాధనకు ముందు, నేర్చుకునేవాణ్ణి. తర్వాత యంత్రాన్ని అక్క ఇంట్లోనే, బావ పెట్టుకున్న అలమరాలోనే వదిలి తిరిగొచ్చేవాణ్ణి.

హెలికాప్టర్ ఎగరేయడం అంటే పైకి పంపడం కాదు. గాలిలో కదలకుండా నిలబెట్టడం. అది తడి సబ్బు మీద గోలీ నిలబెట్టడమే. కుడికి జారితే ఎడమకు నొక్కాలి, ఎడమకు వచ్చేలోపే మళ్ళీ కుడికి నొక్కాలి. కళ్ళు చూసి, బుర్ర ఆలోచించి, వేలికి చెప్పేలోపు అది నేల మీద ఉంటుంది. కిందపడ్డా పక్కకు దొర్లకుండా వెదురు బద్దలు అడ్డంగా కట్టి, చివర్లకు ప్లాస్టిక్ బంతులు గుచ్చాను. తుమ్మితే ఊడే ముక్కు లాంటి యంత్రం. తోక నా వైపు, ముక్కు కొండ వైపు పెట్టుకుంటే మెల్లగా అలవాటైంది. కానీ ముక్కు నా వైపు తిరిగిందా, అంతా తారుమారు. నా కుడి దాని ఎడమ అవుతుంది. అది మొహం తిప్పి నన్ను చూసిన ప్రతిసారీ నేను బెదిరిపోయి మోటారు కట్టేసేవాణ్ణి, దబ్బున పడేది. ఆ విద్య నాకు ఆనాటికీ రాలేదు, ఈనాటికీ రాలేదు. బావ మాత్రం దాని చేత దండం పెట్టించేవాడు.

రెండు మూడు వారాలు గడిచాక వింతలు మొదలయ్యాయి.

శనివారం వెళ్ళి అలమరా తీసి చూస్తే, గట్టిగా బిగించి పెట్టిన కడ్డీ ఊడి వేలాడుతోంది. నేనే మరిచానేమో అనుకున్నాను. పై వారం తోక రెక్క స్క్రూ వదులు. ఆ పై వారం రెక్కలు సమం తప్పాయి. టేపు నేను అంటించినట్టే ఉంది, కానీ తూస్తే ఒక పక్క దిగిపోతోంది. అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టింది మీటలు. నేను మధ్యకు జరిపి పెడితే, వారం తిరిగేసరికి అవి బావ ఎర్ర చుక్కల మీదికి చేరేవి. ఒకటి ముందుకు, ఒకటి ఎడమకు. సరిగ్గా చుక్క మీదికి.

నాకు భయమేసింది. దాచుకోవడం ఎందుకు. అనుమానం పెనుభూతం అంటారు, అది అలమరాలో కూర్చుంది. ఆదివారం పొద్దున ఆ మైదానంలో నిలబడితే కొండ నిశ్శబ్దంగా ఉండేది. మామూలుగా ఉండే నిశ్శబ్దం కాదు, ఎవరో మాట మధ్యలో ఆపి వింటున్నట్టు. మోటారు కట్టేశాక గుయ్యిమనే చప్పుడు కొండ రాళ్ళకు తగిలి తిరిగొచ్చేది. ఆ తిరిగొచ్చే చప్పుడు ఒక్కోసారి ఉండాల్సిన దానికంటే ఎక్కువసేపు ఉండేది. మీటరు పెట్టి కొలవలేదు కదా అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. బావకు ఇష్టం లేదు, తన వస్తువును ముట్టుకోవడం ఇష్టం లేదు, అందుకే నేను కట్టింది కట్టినట్టు విప్పేస్తున్నాడు. ఈ మాట బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు నా లోపల నాకే వినబడేది.

ఒక శనివారం షాపులో కరెంటు లేదు. మధ్యాహ్నం బస్సుకే బయలుదేరి ఉదయగిరి చేరాను. ముందు తలుపు మూసి ఉంటే పెరటి వైపు తిరిగి వెళ్ళాను. గడియ లేని తలుపు తెరిచే ఉంది. అక్క వంటింటి గడప మీద కూర్చుని ఉంది. ఒళ్ళో హెలికాప్టర్. ఎడమ చేత్తో ఒక రెక్క పట్టుకుని, కుడి చేతి వేలు నూనె గిన్నెలో ముంచి, ఆ ఒక్క రెక్కకే రాస్తోంది. పిల్లకు తల అంటినట్టు నెమ్మదిగా రాసి, పైట చెంగుతో తుడిచి మెరుపు పోగొట్టి, మళ్ళీ రాస్తోంది.

నేను చప్పుడు చేశాను. అక్క తలెత్తింది. దాచబోలేదు.

"నువ్వేనా అక్కా?" అన్నాను. నాకు కోపం రావాలి. గడప పక్కనే కూలబడ్డాను.

"ఎగరేస్తే వస్తాడని నేనే అన్నాను గదరా. అప్పుడు నిజంగానే అనుకున్నా. నువ్వు నేర్చుకుంటా వచ్చేకొద్దీ నాకు గుండె దడ పట్టింది. అది ఎగిరినాక కూడా ఆయన రాకపోతే? ఎగరనంత కాలం ఆయన కొండ మీద ఉన్నట్టే గదా."

టీవీ బాగుచేస్తే బొమ్మ వస్తుందని అందరికీ తెలుసు. బాగుచేస్తే పోయేది ఉంటుందని నాకు ఆ రోజుదాకా తెలియదు. అక్క చేతులకు నూనె, నువ్వుల వాసన. ఆ చేతులు పట్టుకుని ఏడ్చాను.

"అన్నకు చెప్తాను, ఇది ఎగిరేది కాదని. కువైట్ నుంచి సామాను రావాలని చెప్తాను. ఆ సామాను ఎప్పుడూ రాదు" అన్నాను.

అక్క నవ్వింది.

కాసేపటికి నేను అడిగాను. "కడ్డీలు, స్క్రూలు, నూనె అన్నీ సరే. మీటలు ఎందుకు జరుపుతావు? మళ్ళీ ఆయన చుక్కల మీదికి?"

"మీటలు ఏంది?"

రిమోట్ తెచ్చి చూపించాను. అక్క దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. "ఆ పెట్టెను నేనెప్పుడూ ముట్టుకోలేదురా. అది ఆయన చేతిలో ఉండేది. దాన్ని చూస్తేనే నాకు ఆయన చేతులు కనపడతాయి" అంది.

మీటలు ఎర్ర చుక్కల మీద ఉన్నాయి. పోయిన ఆదివారం నేనే మధ్యకు జరిపి పెట్టాను. అలమరాలోంచి తీసేటప్పుడు నా చెయ్యి తగిలి జరిగి ఉంటాయి అనుకున్నాను. రెండూ, ఒకేసారి, సరిగ్గా చుక్కల మీదికి. నా బుర్ర ఆ పూటకు అంతకంటే మంచి అబద్ధం చెప్పలేకపోయింది.

పై శనివారం నేను అన్నకు చెప్పాల్సిన అబద్ధం మనసులో వల్లెవేసుకుంటూ వెళ్ళాను. అన్న అప్పటికే వరికుంటపాడు నుంచి వచ్చి వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపు అక్క అన్నం వడ్డిస్తూ అంది: "రేపు ఎగరెయ్‌రా. ఈ వారం నేను దాన్ని ముట్టుకోలేదు."

నేను అన్న వినకుండా వంటింట్లోకి పోయి అడిగాను, ఎందుకు అక్కా, నేను చెప్తానన్నాను కదా అని.

"అబద్ధంతో ఎన్నాళ్ళు కాచుకుంటాం నాయనా. ఆయన దాన్ని ఆరోగ్యంగా పెట్టుకున్నాడు. నేను దాన్ని జబ్బుమనిషిని చేస్తా ఉండాను" అంది. పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం తెల్లవారింది. కొండ సగం మంచులో ఉంది. గాలి లేదు, ఆకు కదలడం లేదు, పిట్ట కూడా అరవలేదు. రెక్కలు పెన్సిలు మీద పెట్టి తూచాను, ముల్లు మధ్యలో నిలిచినట్టు నిలిచాయి. కడ్డీలన్నీ లాగి చూశాను. మీటలు రెండూ మధ్యకు జరిపాను. అక్క నా పక్కనే ఉండి చూసింది. తర్వాత ఆమె గోడ ఇవతలికి వెళ్ళి, పాత చోటులో, కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడింది. అన్న పళ్ళపుల్ల నములుతూ గోడకు ఆనుకున్నాడు.

లేపాను. వెదురు బద్దలు నేల వదిలాయి. యంత్రం మనిషెత్తుకు వెళ్ళి, తోక నా వైపు, ముక్కు కొండ వైపు పెట్టి గుయ్యిమంది. అంత బాగా అది నా చేతిలో ఎప్పుడూ నిలబడలేదు. బాగా నేర్చుకున్నానని నాకు గర్వం కూడా కలిగింది. అక్క కొండ వైపు చూస్తోంది. మేకలు దిగే దారి వైపు. నేను కూడా ఓరకంట ఆ దారే చూశాను. అన్న కూడా అటే చూశాడు. ముగ్గురం ఒక తమాషా మాటను నమ్మి, ఖాళీ దారిని చూస్తూ నిలబడ్డాం. దారిలో ఎవరూ రాలేదు.

బ్యాటరీ అయిపోవచ్చింది, చప్పుడు బొంగురుపోయింది. దింపుదామనుకున్నాను. అప్పుడు దాని ముక్కు తిరగడం మొదలుపెట్టింది. నేను తిప్పలేదు. గడియారం ముల్లు తిరిగినట్టు మెల్లగా, కొండ వైపు నుంచి, ఇంటి వైపుకు. నాకు రాని పని అది. ఎప్పటిలాగే బెదిరి కిందికి చూశాను. రిమోట్ మీద మీటలు రెండూ ఎర్ర చుక్కల మీద ఉన్నాయి. నేను కొత్తగా బిగించిన కడ్డీలకు ఆ సర్దుబాటు పెడితే అది ముందుకు, ఎడమకు కొట్టుకుపోయి బోర్లా పడాలి. నా వేళ్ళు వాటంతట అవే స్టిక్కుల మీంచి లేచిపోయాయి. ఎడమ స్టిక్కు వదిలినా ఉన్నచోటే ఉంటుంది, అందుకని మోటారు ఆగదు. కానీ ఎవరూ పట్టుకోని హెలికాప్టర్ రెప్పపాటు కూడా నిలబడదు. ఎగరేసినవాళ్ళెవరిని అడిగినా ఈ మాట చెబుతారు.

అది నిలబడింది. పూర్తిగా తిరిగి, గోడ వైపు మొహం పెట్టి, కదలకుండా నిలబడింది. ఆ తర్వాత ముక్కు ఒక్కసారి వంచింది.

అక్క చేతిలో గ్లాసు ఒరిగి కాఫీ వేళ్ళ మీద ఒలికింది. ఆమె సిగ్గుపడలేదు. లోపలికి పోలేదు. దాన్ని అలాగే చూస్తూ నిలబడింది.

హెలికాప్టర్ మెల్లగా, పల్లకీ దించినట్టు, వెదురు బద్దల మీద కూర్చుంది. రెక్కలు ఆగాయి. స్విచ్చి ఆపేశాను. లోపల జైరో ఇంకా ఊదుతోంది.

"భలే నేర్చినావురా బామ్మర్దీ! మావోడిలాగే వందనం కూడా పెట్టిచ్చినావే" అన్నాడు అన్న, పళ్ళపుల్ల ఉమ్మేసి. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఆ రోజు ఎగరేసింది నేనేనని ఆయన ఈ రోజుకూ అనుకుంటున్నాడు.

అక్క గోడ పక్క సందులోంచి మైదానంలోకి వచ్చింది. దాని పక్కన కూర్చుని, వేడిగా ఉన్న మోటారు మీద అరచెయ్యి పెట్టింది. ఆ సన్నటి ఊపిరి తగ్గి, తగ్గి, ఆగిపోయేదాకా అలాగే ఉంది. తర్వాత ఒకసారి కొండ మీది ఖాళీ దారి వైపు చూసి లేచింది.

"కూడిక పెట్టియ్యండి" అంది అన్నతో.

ఆయనకు అర్థం కాక నన్ను చూశాడు. నేను కూడా అక్క దగ్గరికి పోయి, "ఎందుకు అక్కా? వచ్చినాడు గదా. నువ్వు చూసినావు గదా" అన్నాను ఆమెకు మాత్రమే వినబడేట్టు.

"వచ్చినాడురా. ముట్టుకుంటే వస్తానన్నాడు, వచ్చినాడు." పైట చెంగుతో చేతి మీది కాఫీ తుడుచుకుంది. "బతికుండింటే నడిచొచ్చేవాడు."

ఆ రాత్రి అక్క పెరటి తలుపుకు గడియ పెట్టింది.